నొప్పులున్నవారికి ఓటు లేదు

ప్రసవాన్ని తల్లి చేతిలోంచి తీసుకుని సభ చేతిలో పెట్టడం మానవజాతి సాధించిన ఘనవిజయాల్లో అగ్రగణ్యమైనది. పూర్వం కనేది ఒక్కరు, అనేది పదిమంది. ఇప్పుడు అనేవారికి కుర్చీలు వేసి, టీ ఇచ్చి, అధ్యక్షుణ్ణి కూడా నియమించారు. కనేవారికి ఎప్పటిలాగే మంచం.

మా ప్రసూతి ఆసుపత్రిలో ఏకాభిప్రాయం లేనిదే ఏ కాన్పూ కానివ్వరు. అందుకోసం ఏకాభిప్రాయ అధికారి అని ఒకరున్నారు. (ఇంతకుముందు ఇదే ఆసుపత్రిలో పార్కింగ్ చూసేవారు. ఇరుకులో ఎవరిని ఎటు తిప్పాలో తెలిసిన మనిషి.) ఆయన పెట్టిన నియమం ఒక్కటే: స్వప్రయోజనం ఉన్నవారు చర్చలో మాట్లాడరాదు. నిష్పక్షపాతంగా పరిశీలించగా, అలాంటివారు ఆసుపత్రి మొత్తానికి ఒక్కరే తేలారు. ఆవిడకు నొప్పులు వస్తున్నాయి.

మొన్న చేరినావిడ బస్సు కండక్టరు. తొలి కాన్పు. కిక్కిరిసిన బస్సులో వెనక సీటుదాకా వినిపించే గొంతు ఆవిడది. నొప్పి తెలియకుండా నడుముకిచ్చే మత్తు ఇంజెక్షన్ కావాలని అడిగింది. డాక్టరమ్మ చూసి, "తల్లీ బిడ్డా బాగున్నారు. ఆపరేషన్ అవసరం లేదు. ఇంజెక్షన్ అంటారా, ఆవిడ ఇష్టం" అన్నారు.

ఈ చివరి రెండు మాటలతో సభలో కలకలం రేగింది.

"ఇంజెక్షనేంటండీ, విడ్డూరం!" అన్నారు అత్తగారు. "నేను ముగ్గుర్ని కన్నాను. నోరు విప్పితే ఒట్టు."

"వీధి చివరిదాకా వినిపించిందని నాన్న చెప్పేవాడమ్మా" అన్నాడు భర్త.

"నువ్వూరుకోరా! అప్పుడే పుడుతున్నవాడివి, నీకేం తెలుసు?"

"మీ ఓపిక మీది వదినగారూ" అంది కండక్టరు తల్లి. "మా పిల్ల అల్లాడిపోతోంది. ఆపరేషన్ చేసి తీసేయమనండి."

"కూత వినలేక కోత కోయించేస్తారా?"

"నేను తల్లుల గ్రూపులో అడిగాను" అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండా. "సగంమంది తీసుకోమంటున్నారు. మిగతా సగంమంది ఆ సగాన్ని తిడుతున్నారు."

కర్టెన్ వెనకనుంచి గొంతు ఖంగుమంది. "ఏవండీ! ఆ ఫోను అక్కడ పడేసి ఇటు రండి! నాకు ఇంజెక్షన్ కావాలి!"

అధికారి కర్టెన్‌వైపు తిరిగి నమస్కరించారు. "చూడమ్మా, మీరు పక్షపాతంతో మాట్లాడుతున్నారు."

"నొప్పి నాదండీ!"

"నేననేదీ అదేనమ్మా."

"అడుగుతోంది కదండీ, ఇచ్చేద్దాం" అన్నారు డాక్టరమ్మ.

"మీరు వైద్యులు" అన్నారు అధికారి మృదువుగా. "వైద్యం విషయంలో మీరు తొందరపడకూడదు."

ఓటింగు పెట్టారు. అత్తగారు వద్దన్నారు. తల్లి ఆపరేషనంది. భర్త గ్రూపులో ఇంకా ఫలితం తేలలేదన్నాడు. డాక్టరమ్మ "ఆవిడ ఇష్టం" అని మళ్లీ అన్నారు గనుక ఆ ఓటు చెల్లలేదు. (చెల్లెలి ఓటైనా చెల్లునేమో, కండక్టరుకు చెల్లెలు లేదు.) టీకి విరామం ఇచ్చారు. కర్టెన్ వెనక కేకలు పెరిగాయి. సభామర్యాద దృష్ట్యా ఫ్యాను వేగం పెంచారు.

టీ ఇంకా చల్లారకముందే నర్సు పరుగెత్తుకొచ్చింది. "డాక్టరుగారూ, తల కనిపిస్తోంది! ఇంక ఇంజెక్షన్‌కి టైము లేదు."

డాక్టరమ్మ అనుమతి అడగకుండా లేచి వెళ్లిపోయారు. (సంజాయిషీ కోరారు.) అధ్యక్షస్థానంలో ఉన్న అధికారి మాత్రం చలించలేదు. అందరినీ మెల్లగా దారికి తెచ్చి, ఇంజెక్షన్ ఇవ్వవచ్చునని ఏకగ్రీవంగా తీర్మానం చేయించారు. చప్పట్లు మోగాయి. ఆ మోతలోనే పాప ఏడుపూ కలిసిపోయింది.

ఆయనే స్వయంగా మంచం దగ్గరికి వెళ్లి శుభవార్త చెప్పారు. కండక్టరు చెమటతో తడిసి ముద్దయి ఉంది. పాపను గుండెకు హత్తుకుని ఆయనవైపు తిరిగింది.

"ఇప్పుడెందుకండీ?"

"ఇక మీకు నొప్పులు లేవు గనుక మీ అభిప్రాయం స్వీకరించవచ్చమ్మా. చెప్పండి."

"నన్నొక్కసారి..." వెనక సీటుదాకా వినిపించే గొంతు మంచం దాటలేదు. "నన్నొక్కసారి అడిగుంటే బాగుండేది."

"మంచి సూచన" అని ఆయన మెచ్చుకున్నారు.

అప్పటికే కర్టెన్ అవతల అత్తగారు, కండక్టరు తల్లి తమతమ కుర్చీల్లో సర్దుకున్నారు. పాపకు తల్లిపాలా, డబ్బాపాలా అన్న అంశం చర్చకు వచ్చింది.

నియమం ప్రకారం పాప తల్లిని కాసేపు బయట కూర్చోమన్నారు.