మూడో బెజ్జం

ఆ ఆదివారం పొద్దున కోడలు వేసుకున్న పథకం చిన్నదే. మామగారు ఉదయపు నడక ముగించి వచ్చేలోపు బెల్టు అంచులు నునుపు చేసి, బకిల్ బిగించి, ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టెయ్యాలి. అంచులకు తడి అద్ది చెక్క పుల్లతో రుద్దేకొద్దీ తోలు మెరుపు తేలుతోంది. గడియారం చూసుకుంది. ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఆ బెల్టు మీద ఒక గది ఆధారపడి ఉంది. వంటింటి వెనక, ఒక్క కిటికీ ఉన్న చిన్న గది. రెండేళ్ళుగా అందులో ఆవిడ బల్ల, చెక్క సుత్తి, కుట్టుకు రంధ్రాలు పొడిచే ఆరెలు, మైనం పట్టించిన దారపు ఉండలు, గోడవార చుట్టలు చుట్టి నిలబెట్టిన తోళ్ళు ఉన్నాయి. ఇప్పుడు మామగారికి ఆ గది కావలసివచ్చింది. ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసు నాటి ఫైళ్ళు మంచం కింద పట్టక నడవాలోకి పాకుతున్నాయి. పొద్దుపోని పనికి గది ఎందుకని ఆయన వాదన. అది పొద్దుపోని పని కాదని కోడలి వాదన. చివరికి ఆయనే ఒక పరీక్ష పెట్టారు. మనిషి రోజూ వాడుకునే వస్తువు ఒకటి చేసివ్వాలి. నాలుగు వారాల్లో అందులో లోపం కనపడకపోతే గది కోడలిది, కనపడితే ఫైళ్ళది.

తోలు కోసేటప్పుడే ఆవిడ ఒక చిన్న పిసినారితనం చేసింది. కొత్తగా తెచ్చిన తోలులో వీపు భాగం బిగువుగా, అంతటా ఒకే మందంలో ఉంది. దాన్ని తన కోసం కుట్టుకోబోయే సంచికి దాచుకుని, బెల్టును అంచున ఉన్న పొట్ట భాగం నుంచి కోసింది. చూపుకు రెండూ ఒకటే. రంగు పట్టించాక కోసిన చేతికే తేడా తెలియలేదు.

మామగారు వచ్చి, చెమట తుడుచుకుని, భూతద్దం తెప్పించుకున్నారు. అంగుళానికి ఎన్ని కుట్లో మూడు చోట్ల లెక్కపెట్టారు. మూడు చోట్లా ఏడే వచ్చాయి. అయిదు బెజ్జాల మధ్య దూరం టేపుతో కొలిచారు. అన్నిటికీ ముప్పావు అంగుళమే. నడుముకు పెట్టుకుంటే మూడో బెజ్జానికి అచ్చంగా సరిపోయింది. "ఊఁ" అన్నారు. ఆ ఇంట్లో అది చాలా పెద్ద సర్టిఫికెట్టు.

ఎనిమిదో రోజున ఆయన నాలుగో బెజ్జానికి వచ్చారు.

ఇందులో ఆయనకు సంతోషించవలసిన కారణం ఉంది. పై అంతస్తులో ఉండే డాక్టరమ్మ బరువు తగ్గమని అప్పటికి మూడుసార్లు చెప్పింది. ఇంట్లో బరువు చూసుకునే మిషను ఒకటి ఉండేది గానీ, దాన్ని ఆయన ఏనాడో గెంటేశారు. తన సర్వీసు మొత్తం మీద నిజం చెప్పిన త్రాసులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చని ఆయన నమ్మకం. బెల్టుకు ముల్లు లేదు, స్ప్రింగు లేదు, మోసం చెయ్యడానికి వీలే లేదు. పద్నాలుగో రోజుకల్లా అయిదో బెజ్జం. తగ్గినవాడికి ఆ మాత్రం హక్కు ఉందంటూ ఆ రోజు నుంచి రెండో వడ్డన మొదలుపెట్టారు. మనిషి ఇంత తగ్గుతుంటే తను వారానికి రెండుసార్లు చొక్కా గుండీలు ఎందుకు కుట్టవలసివస్తోందో అర్థం కావడం లేదని అత్తగారు ఎవరినీ ఉద్దేశించకుండా అన్నారు.

పదిహేడో రోజున ఆయన బెల్టు పట్టుకుని వెనక గదికి వచ్చారు. "అమ్మాయ్, లోపలి వైపు ఇంకో బెజ్జం కొట్టు. కాదు, రెండు కొట్టు. మళ్ళీ మళ్ళీ నిన్ను ఇబ్బంది పెట్టడం దేనికి."

బెజ్జం కొట్టే ముందు కొలవడం ఆవిడ అలవాటు. చేసిన ప్రతి వస్తువు కొలతా పుస్తకంలో ఉంటుంది. బకిల్ మడత నుంచి కొస దాకా నలభై ఆరున్నర అంగుళాలని అందులో ఉంది. టేపు మీద నలభై ఎనిమిదిన్నర చూపించింది. టేపును దులిపి మళ్ళీ కొలిచింది. దులిపినందువల్ల ఏమీ తగ్గలేదు.

అడిగిన రెండు బెజ్జాలూ కొట్టి ఇచ్చేసి, తోలు దుకాణం పెద్దాయనకు ఫోన్ చేస్తే, ఏ భాగం నుంచి కోశారని ఒకే ఒక ప్రశ్న అడిగాడు. చెప్పింది. పొట్ట తోలు వదులుగా ఉంటుందనీ, లాగితే సాగుతుందనీ, చెమట తగిలితే ఇంకా సాగుతుందనీ, దానితో చిన్న పర్సులు చేసుకోవచ్చు గానీ బెల్టు మాత్రం ఎవరూ చెయ్యరనీ మర్యాదగా చెప్పాడు. మామగారు ప్రతి పొద్దుటా ఊపిరి బిగబట్టి, బెల్టును రెండు చేతులతో పగ్గంలా లాగి బిగించే దృశ్యం ఆవిడ కళ్ళ ముందు కదిలింది.

భర్తతో చెప్పింది. అతను పూర్తిగా విని, ఇంకా పదకొండు రోజులేగా ఓపిక పట్టమన్నాడు. నాన్నకు సంతోషం, ఆవిడకు గది, మధ్యలో ఎవరికీ నష్టం లేదన్నాడు. ఆవిడకు నష్టం రోజూ రాత్రి భోజనంలో రెండో వడ్డన రూపంలో కనిపిస్తోంది. చెప్పేద్దామని మర్నాడు వెళ్తే, ఆయన అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి తన పొట్టను కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు చూసుకుంటున్నారు. "మంచి బెల్టమ్మాయ్. ఉన్నదున్నట్టు చెప్తుంది" అన్నారు. ఆవిడ వెనక్కి వచ్చేసింది. అప్పటి నుంచి ఆయన స్నానానికి వెళ్ళినప్పుడల్లా బెల్టు కొలిచి, తేదీ వేసి రాసుకోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయింది.

ఈలోగా సంగతి పార్కుకు పాకింది. తన రహస్యం ఏమిటని తోటి నడకవాళ్ళు అడిగితే మామగారికి ఏదో ఒకటి చెప్పక తప్పలేదు. నూరు అడుగులు ముందుకు, ఇరవై అడుగులు వెనక్కి వెయ్యాలన్నారు. ముద్దకు నలభైసార్లు నమలాలన్నారు. మర్నాటి నుంచి పార్కులో పదకొండు మంది పెద్దమనుషులు వెనక్కి నడవసాగారు. ఒక లెక్చరరుగారు పూలమొక్కల్లో కూర్చోవలసివచ్చింది. మీసాల మేనేజరని అందరూ పిలిచే రిటైరైన బ్యాంకు మేనేజరు, వారం గడిచినా తన బెల్టు ఒక్క బెజ్జం కూడా జరగలేదని ఫిర్యాదు చేశాడు. నమలడంలో శ్రద్ధ లేదని మామగారు తేల్చారు. ఆ శ్రద్ధ ఎలా ఉండాలో వివరించడానికి నాలుగో ఆదివారం అపార్టుమెంటు హాల్లో ఉపన్యాసం ఏర్పాటైంది. నోటీసుబోర్డులో కాగితం కూడా అంటించారు.

ఆదివారం హాలు నిండింది. మామగారు ఏడో బెజ్జంతో వచ్చారు. పదిహేను నిమిషాలు మాట్లాడారు, వెనక్కి నడిచి చూపించారు. అప్పుడు డాక్టరమ్మ లేచి, ఇంత మంచి ఫలితాన్ని అంకెల్లో రాసిపెట్టుకుంటే బాగుంటుందంటూ, కుర్చీ కింద నుంచి బరువు మిషను తీసి ముందుకు జరిపింది. మామగారు కంగారుపడలేదు. ఇంటికి మనిషిని పంపి అయిదు కిలోల ఇనుప రాయి తెప్పించి, మిషను మీద పెట్టి చూశారు. సరిగ్గా అయిదు. "ఫరవాలేదు, ఇది నిజాయితీగల మిషను" అని సభకు ప్రకటించి, చెప్పులు విడిచారు.

కోడలు ఆ రాయిని చూసింది, చెప్పులను చూసింది, పక్కన చెయ్యి పట్టుకుని ఆపుతున్న భర్తను చూసింది. లేచి నిలబడింది.

"మామయ్యగారూ, ఎక్కకండి. తగ్గింది మీరు కాదు. పెరిగింది బెల్టు."

వీపు తోలు తన సంచికి దాచుకున్న దగ్గర నుంచి దుకాణం పెద్దాయన మాటల దాకా అన్నీ చెప్పింది. మామగారు బెల్టు విప్పి బల్ల మీద పరిచి, జేబులోంచి టేపు తీశారు. ఆయన కొలిచేందుకు వంగినంతసేపూ అందరూ ఆయన ప్యాంటునే చూశారు. అది వెంట్రుకవాసి కూడా జారలేదు. ఆ తరవాత హాలుకు మిషనుతో పని లేకపోయింది.

"నలభై తొమ్మిదిన్నర" అన్నారు మామగారు. "నీకెప్పుడు తెలిసింది?"

"పదిహేడో రోజున."

"ఎక్కడైనా రాసిపెట్టావా?"

ఆవిడ పుస్తకం ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పదకొండు తేదీలూ, వాటి పక్కన పదకొండు కొలతలూ వేలు పెట్టి చదివారు. ఒకచోట ఆగి, ఆ రోజు వర్షం వచ్చిందా అని అడిగారు. వచ్చిందంది. తల ఊపి పుస్తకం మూశారు.

"నా సర్వీసులో దొంగ కొలతలు వందల్లో పట్టుకున్నాను" అన్నారు సభ వైపు తిరిగి. "తన కొలత తప్పని తనే తేదీ వేసి రాసుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు." తరవాత కోడలితో, "పరీక్ష మాత్రం తప్పావమ్మాయ్. ఇంకోసారి రాయాలి. ఈసారి వీపు తోలుతో" అన్నారు.

"మరి గది?"

"బల్ల లేకుండా పరీక్ష ఎలా రాస్తావు?"

అత్తగారు ఆ సాయంత్రమే ఫైళ్ళు రెండు దొంతరలు తగ్గించి, రెండో వడ్డన పూర్తిగా ఎత్తేశారు. కోడలు సంచి కోసం దాచుకున్న వీపు తోలు తీసి, పొడవునా గీత గీసింది. కొంచెం బాధ వేసింది గానీ, కత్తి దిగుతుంటే ఆ బిగువు చేతికి హాయిగా తగిలింది.

సోమవారం పొద్దున కిటికీ బయట ఎవరో దగ్గారు. మీసాల మేనేజరు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఆ పొట్ట తోలు ముక్క ఇంకా మిగిలి ఉందా అని అడిగాడు. అది లోపం ఉన్న తోలనీ, సాగుతుందనీ ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చెప్పబోయింది.

"సాగనివ్వమ్మా" అన్నాడాయన. "మా ఆవిడ టేపు పెట్టి కొలవదు. బెజ్జాలే చూస్తుంది."

బుధవారానికి లెక్చరరుగారితో కలిపి అయిదుగురయ్యారు. ఎవరికి వారు మిగతా నలుగురికీ చెప్పొద్దన్నారు. ఆవిడ ప్రతి బెల్టు లోపలి వైపునా ఇది సాగును అని చిన్న అచ్చు అక్షరాలతో కొట్టింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

గురువారం డాక్టరమ్మ కూడా మెట్లు దిగి వచ్చి, తన భర్తకు ఒక బెల్టు కావాలంది. వీపు తోలుతో.