ఏడు గదుల సంచార దూత

ఇకమీదట పౌరుడు కదలనక్కర్లేదని, పౌరుడి పనే కదులుతుందని ప్రజా సౌకర్యాల శాఖ ప్రకటించింది. దరఖాస్తు పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ సంచార దూత అనే ప్రోగ్రాం ఒకటి కేటాయిస్తారు. అది కాగితాలు చంకన పెట్టుకుని, ఒక కంప్యూటర్లోంచి ఇంకో కంప్యూటర్లోకి తనంతట తానే వెళ్ళి, దారిలో కనిపించినవన్నీ ఆరా తీసి, చివరికి సిఫారసు కూడా తానే రాస్తుంది. (గుమస్తాకూ దానికీ తేడా ఒక్కటే. అది టీకి వెళ్ళదు.)

గోడలకు రంగులేసే ఒకాయనకు, తల్లి కంటి ఆపరేషను అనుమతి కోసం, అలాంటి దూత ఒకటి దక్కింది. ఆ తల్లి దర్జీ. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కన్నూ మసకబారి, మొన్న చొక్కా చేతిని తీసుకెళ్ళి మెడకు కుట్టేసింది. సోమవారంలోగా ఆపరేషను జరగకపోతే ఆ కన్నూ దక్కదని డాక్టరు చెప్పేశాడు. అప్పటికి గురువారం.

అనుమతి రావాలంటే కాగితం శాఖలోని ఏడు గదులూ దాటాలి. మూడో గది కంప్యూటరు దూతను గుమ్మంలోనే నిలబెట్టేసింది. ఊరూ పేరూ తెలియని ప్రోగ్రాంను లోపలికి రానివ్వకూడదని భద్రతా నియమం. కబురందుకుని రంగులాయన నిచ్చెన దిగి పరుగెత్తాడు.

"ఇది మీదేనా?" అన్నాడు గుమస్తా, తెర చూపిస్తూ.

"మాదేనండీ."

"ఎన్నాళ్ళ పరిచయం?"

"పొద్దున్నుంచి."

"నడవడిక ఎలాంటిది?"

"నాకేం తెలుసండీ? ఇంకా ఒక్క పనీ చెయ్యలేదు కదా!"

"అయితే ఏ మచ్చా లేనట్టే" అని గుమస్తా రాసుకున్నాడు. "మిగతా గదుల్లోనూ ఇలాగే హామీ ఇవ్వాలి. వెనకాలే వెళ్ళండి."

కానీ నాలుగో గదికి కంప్యూటర్లను కలిపే వైరు లేదు. (వైరు కోసం గోడకు కన్నం పెట్టే అనుమతి ఇంకో దూత దగ్గర ఉంది. ఆ దూత నాలుగో గదికి వెళ్ళాలి.)

"మరెలాగండీ?"

"దూత కంప్యూటర్లో ఉంది. కంప్యూటరు బల్ల మీద ఉంది. మీకా, దేవుడు భుజాలిచ్చాడు."

రంగులాయన తువ్వాలు చుట్ట చేసి భుజాన వేసుకుని, కంప్యూటరును ఎత్తుకున్నాడు. ఆపై గదులదీ అదే కథ. మెట్ల మీద సిబ్బంది మర్యాదగా పక్కకు జరిగారు. "తప్పుకోండి, కొత్త టెక్నాలజీ వెళ్తోంది" అన్నారొకరు. ఆరో గదిలో కుర్చీ వేశారు, కంప్యూటరుకు.

శుక్రవారం సాయంత్రం ఏడో గది గుమ్మంలో ఉండగా తల్లి ఫోను చేసింది.

"అయిందిరా?"

"ఇదే ఆఖరు గదమ్మా."

"తొందర పెట్టకు దాన్ని. పాపం, మనకోసం ఎంత తిరిగిందో!"

"అది తిరగలేదే, నేను మోశాను."

"మోస్తే మోశావులే. ఇంత ఉపకారం ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?"

దూత లంచం పుచ్చుకోదని, మొహమాటపడదని, చూసింది చూసినట్టు రాస్తుందని శాఖకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని అది వమ్ము చేయలేదు. ఏడో గది తెర మీద సిఫారసు క్షణంలో ప్రత్యక్షమైంది:

"రోగి పనుల మీద తిరగడానికి, బరువులు మోయడానికి, ఓపిక గల కొడుకు ఉన్నట్టు దారి పొడవునా స్వయంగా గమనించడమైనది. కనుక ఈ రోగికి చూపు అత్యవసరం కాదు."