కుర్చీలు తీసేయండి, రక్తానికి బుద్ధొస్తుంది

మనిషి ఆరోగ్యానికి కుర్చీని మించిన శత్రువు లేదు. కాబట్టి దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కుర్చీ అనేది కనబడకుండా చేసిన యాజమాన్యాలను మనసారా అభినందిస్తున్నాను. మీరూ చప్పట్లు కొట్టండి. కూర్చునే కొట్టొచ్చు, మీరు కస్టమర్లు కదా!

మా అక్క ఒక పెద్ద చెప్పుల షోరూమ్‌లో సేల్స్ చూస్తుంది. షట్టర్ లేచింది మొదలు దిగేదాకా నిలువుకాళ్ల మీద ఉద్యోగం. షోరూమ్ నిండా మెత్తటి సోఫాలున్నాయి గానీ, అవి చెప్పులు వేసుకుని చూసేవాళ్లకి మాత్రమే. స్టాఫ్ ఎవరైనా వాటి అంచున ఆనుకుంటే చాలు, ఫ్లోర్ మేనేజర్ కెమెరాలో చూసి మైకులో దగ్గుతాడు. ఆ దగ్గుకి అందరూ నిటారుగా అయిపోతారు. పోనీ అటూ ఇటూ తిరుగుదామంటే, ఎవరి ర్యాక్ వాళ్లు వదలకూడదని ఇంకో రూలు. స్టాఫ్ వెన్నెముకల మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషిని మీరెక్కడైనా చూశారా?

ఇక శాస్త్రానికొద్దాం. గుండె రక్తాన్ని ధమనుల్లోకి తోసేటప్పుడు ఎక్కడలేని జోరు చూపిస్తుంది. పాదాలదాకా దిగడం సులువే. మరి తిరిగి పైకి రావాలిగా? సిరల్లో అంతా నిట్టనిలువు ఎక్కుడు. గుండె తోపు అక్కడికి చేరేసరికి నీరసించిపోతుంది. అప్పుడు ఆదుకునేది పిక్క. నడిచినప్పుడల్లా పిక్క కండ బిగుసుకుని, సిరల్ని పిండి, రక్తాన్ని పైకి తోస్తుంది. తోసింది మళ్లీ జారకుండా సిరల్లో కవాటాలుంటాయి. ఒకవైపే తెరుచుకునే తలుపులన్నమాట.

కదలకుండా నిలబడితేనో? పిక్కకి పూర్తి విశ్రాంతి! రక్తం కాళ్లలోనే మకాం వేస్తుంది. సిరలు ఉబ్బి సాగుతాయి. తలుపుల రెక్కలు ఒకదానికొకటి అందవు. పైకెక్కిన రక్తం కాస్తా మళ్లీ కిందికే జారుతుంది. కొన్నాళ్లకి పిక్కల మీద నీలం నరాలు మెలికలు తిరిగి పైకి తేలతాయి. పచ్చబొట్టు కోసం జనం సూదులతో పొడిపించుకుంటున్నారు. మా అక్కకి రెండు కాళ్లకీ యాజమాన్యమే ఉచితంగా వేయించింది.

కృతజ్ఞత లేని కాలు! ఎడమ చీలమండ దగ్గర చర్మం నల్లబడి పుండు పడింది.

"గంటకోసారి కాసేపు కూర్చో. కాళ్లు ఎత్తి పెట్టుకో. లేకపోతే ఇది మానదు, రెండో కాలూ దీని దారే పడుతుంది" అంది డాక్టరమ్మ.

అక్క ఆ మాటే మేనేజర్‌కి చెప్పింది.

"మీరు కూర్చుంటే కస్టమర్‌కి బద్ధకంగా కనిపిస్తారమ్మా. చెప్పులు వేసి చూసేవాళ్లే కూర్చోవాలి. రూలంటే రూలు" అన్నాడాయన, తన కుర్చీలో వెనక్కి వాలి. అందరి బదులూ తానొక్కడే కుర్చీ పాలైన త్యాగమూర్తి!

ఇంటికొచ్చి అక్క కాళ్లు గోడకి ఎత్తిపెట్టి పడుకుంటే, పుండుకి కట్టు మార్చేది నేనే. కానీ శాస్త్రం ముందు తోబుట్టువేంటి?

మా అక్క రూలు మీరే మనిషి కాదు. వారపు సెలవునాడు శుభ్రంగా తయారై అదే షోరూమ్‌కి కస్టమర్‌గా బయల్దేరింది. తోడుగా నేనూ వెళ్లాను. వెళ్తూనే సోఫాలో కూలబడి, ఎదురుగా ఉన్న స్టూలు మీదికి ఎడమకాలు చాపింది. మేనేజర్ గబగబా వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"మా ఆడపడుచుకి చెప్పులు కొందామని సార్. ఆవిడ కాలూ మన పిన్ని కాలూ ఒకటే సైజు. పిన్నిని కాస్త కూర్చోబెట్టి వేసి చూపించండి."

పిన్ని అంటే బూట్ల ర్యాక్ దగ్గర నిలబడే పెద్దావిడ. స్టాఫంతా అలాగే పిలుస్తారు. మేనేజర్‌కి పిన్నిని పిలవక తప్పలేదు. చెప్పులు వేసి చూసేవాళ్లే కూర్చోవాలని చెప్పింది ఆయన నోరే. పిన్ని వచ్చి అక్క పక్కన కూర్చుంది. ఆ సోఫా ఎంత మెత్తగా ఉంటుందో ఆవిడకి అప్పుడే తెలిసినట్టుంది, అరచేత్తో ఒకసారి నొక్కి చూసింది.

మరి పెట్టెలెవరు తేవాలి? ఎవరి ర్యాక్ వాళ్లు వదలకూడదు కదా. మేనేజరే తెచ్చాడు.

"రంగు బాలేదు సార్, ఇంకోటి."

తెచ్చాడు.

"మడమ ఎత్తుగా ఉంది సార్."

గోడౌన్‌కీ సోఫాకీ మధ్య ఆయన పిక్కలు అద్భుతంగా పనిచేశాయి. రక్తం గుండెకి పరుగున చేరుతున్నట్టు ముఖమే చెప్పింది. చివరికి రొప్పుతూ వచ్చి, చేతిలో పెట్టెలతో సోఫా అంచున ఆనుకోబోయాడు.

మా అక్క దగ్గింది.

మర్నాడు షట్టర్ లేచింది. అక్కా పిన్నీ మళ్లీ ఎవరి ర్యాక్ దగ్గర వాళ్లు నిలబడ్డారు. పుండు ఇంకా మానలేదు. అందుకని మీకో చిన్న మనవి. ఈసారి చెప్పుల కోసం వెళ్లినప్పుడు గుర్తు చేసుకోండి, ఎదురుగా నిలబడ్డ మనిషి కాలి సైజు మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ఉండే ఉంటుంది. కూర్చోబెట్టి వేయించి చూడండి. మొదటి జతే నచ్చిందని మాత్రం చెప్పకండి.