మాల్‌లో లింగన్న బండ

బేతంచెర్లలో లింగన్నకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళకు ఊళ్ళు అతని బండల మీద నడుస్తున్నాయి. అతని పెళ్ళాం సుంకమ్మ మాత్రం ఇరవై రెండేళ్ళుగా పగుళ్ళ సిమెంటు మీద నడుస్తోంది.

మంచి బండలన్నీ అమ్ముకున్నాడు. అంచు విరిగినవి, మూల పోయినవి "ఇంటికి పనికొస్తాయి" అని పెరట్లో పేర్చాడు. ఆ పేర్పు ప్రహరీ గోడంత ఎత్తు పెరిగింది. దాంట్లో పిల్లులు ఈని పిల్లలను పెంచాయి. తేళ్ళు కాపురాలు పెట్టాయి. ఒక్క బండ మాత్రం ఇంట్లోకి రాలేదు.

రెండువేల ఆరులో, ఒకరోజు పొద్దున్నే టీ ఇస్తూ సుంకమ్మ అనేసింది.

"ఇంటికి తెల్ల టైల్స్ వేయించు."

లింగన్నకు టీ ముక్కులోకి పోయింది.

"ఏమంటివి?"

"టైల్స్. తెల్లటివి. మొగం కనపడేటివి."

"బండలోడి ఇంట్లో టైల్సా? నేను ఊళ్ళో తలెత్తుకొని తిరగల్లా వద్దా?"

"నువ్వెప్పుడు తలెత్తినావు? యాడికి పోయినా కిందనే కదా చూస్తాంటావు."

అది నిజమే. లింగన్న పెళ్ళికి వెళ్తే పెళ్ళికూతురు ఎలా ఉందో చెప్పలేడు, మండపంలో ఏ బండ పరిచారో చెబుతాడు. సుంకమ్మ మెడలో తాళి కట్టడానికి వంగినప్పుడు కూడా కింద ఉన్నది యర్రగుంట్ల బండ అని గుర్తుపట్టి, పురోహితుడికి చెప్పాడు.

ఏ నేల కనపడినా అతను ఊరుకోడు. తడిస్తేనే బండ అసలు రంగు తెలుస్తుంది కనుక నీళ్ళు పోస్తాడు. టువ్వాలుతో రుద్దుతాడు. వేలి కణుపుతో కొట్టి చెవి పెడతాడు. గంటలా మోగితే మంచి బండ, దగ్గితే పగులు బండ. ఊళ్ళో అతన్ని తడి లింగన్న అంటారు. ఎదురుగా అనరు, అంతే.

టైల్స్ మాట విన్నాక లింగన్నకు రెండు రోజులు కుదురు లేదు. మూడో రోజు ఉపాయం తట్టింది.

కిందటేడు బెంగళూరు బ్రోకరు ఒకడు ఒక లారీ బండ కొన్నాడు. అక్కడ ఊరి బయట పెద్ద మాల్ కడుతున్నారని, దానికేనని చెప్పాడు. ఆనాటి నుంచి లింగన్న టీకొట్టు దగ్గర ఆ మాల్ మొత్తాన్నీ తన బండల మీదే నిలబెట్టాడు. ఎదురు ఫ్యాక్టరీ మహానంది ఒక్కడే నమ్మలేదు. అతను పొద్దు పొడిచినా అది ఈరోజు పొద్దేనా అని అడిగే మనిషి. అనుమానాల మహానంది అనే పేరు ఊరికే రాలేదు.

"అంత మాల్‌కు ఒక లారీ బండ యాడ సరిపోతాది లింగప్పా?"

"పాలిష్ పడితే నా బండ సాగుతాదిలే."

ఇప్పుడు సుంకమ్మను ఆ మాల్‌కు తీసుకుపోవాలి. కార్లలో తిరిగేవాళ్ళు తన బండ మీద నడుస్తుంటే చూపించాలి. ఆమె టైల్స్ మరిచిపోతుంది, పెరట్లో పేర్పు ఇంట్లో పడుతుంది, మహానంది నోరు మూతపడుతుంది.

"సుంకా, బెంగళూరుకు పోదామా?" అన్నాడు.

"నీకు జొరం గానీ వచ్చిందా?"

"మాల్‌లో నా బండ కనపడితే ఇంటికి నా బండే. మళ్ళా టైల్స్ పేరెత్తగూడదు."

"కనపడకపోతే?"

"నువ్వు చెప్పిన టైల్స్. మాయమ్మ మీద ఒట్టు."

"మీయమ్మ పోయి పదేండ్లాయె. ఫ్యాక్టరీ మీద పెట్టు ఒట్టు."

లింగన్న ఒకసారి ఫ్యాక్టరీ వైపు చూసి, దాని మీద పెట్టాడు.

సంగతి తెలిసి మహానంది కెమెరా పట్టుకొచ్చాడు. "ఊరికే చూసొచ్చినానంటే నేను నమ్మను. ఫోటో తీసుకొనిరా. రీలు కూడా నేనే వేసినా."

డోన్‌లో రైలెక్కారు. హిందూపురం దాటి కన్నడ బోర్డులు మొదలయ్యేసరికి తెల్లవారింది. అప్పటి నుంచి లింగన్న కూర్చోలేదు. లేచాడు, తలుపు దగ్గరికి పోయాడు, వచ్చాడు, పెట్టె సర్దాడు, మళ్ళా లేచాడు.

"కూర్చోవయ్యా. నువ్వు తిరిగితే రైలు తొందరగా పోదు," అంది సుంకమ్మ.

బెంగళూరులో రెండు బస్సులు మారి ఊరి బయటికి వచ్చారు. చుట్టూ రాగిచేలు. నడుమ అద్దాల డబ్బా ఒకటి, ఆకాశం నుంచి జారిపడినట్టు ఉంది. లింగన్న నేల చూసుకుంటూ బిరబిరా నడిచి, తెరుచుకోని అద్దం తలుపుకు నుదురు కొట్టుకున్నాడు.

"కింద చూసుకుంటా పో. మీద దేవుడు చూసుకుంటాడు," అంది సుంకమ్మ.

లోపల నేల తెల్లగా మెరుస్తోంది. సుంకమ్మ వంగి, ఆ నేలలో మొగం చూసుకొని బొట్టు సరిచేసుకుంది.

"ఇవే," అంది.

"ఏవి?"

"నేను చెప్పిన టైల్స్."

"ఇది వాకిలి. మనది పైన ఉంటాది."

పైకి పోవడానికి కదిలే మెట్లు. లింగన్న వంగి చూసి "ఇనుము" అని పెదవి విరిచాడు. సుంకమ్మ ఆ ఇనుము మీద మూడుసార్లు ఎక్కి, మూడుసార్లు దిగింది. ఆమెకు కాళ్ళు కదపకుండా పైకి పోవడం పుట్టాక అదే మొదలు.

మొదటి అంతస్తులో టైల్స్. రెండో అంతస్తులో టైల్స్. లింగన్న చొక్కా వీపు తడిసిపోయింది. తివాచీ లేపి చూశాడు, టైల్స్. పూలకుండీ జరిపి చూశాడు, టైల్స్. చీరల కొట్లో బల్ల కింద దూరి చూశాడు. చీర బేరం చేస్తున్న ఒకామె కెవ్వుమంది.

"అది మీ ఆయనేనా?" అని కొట్లో పిల్ల సుంకమ్మను వచ్చీరాని తెలుగులో అడిగింది.

"ఏమో తల్లీ. రైల్లో పక్కన కూర్చున్నాడు," అంది సుంకమ్మ.

చెప్పుల కొట్టు ముందర నేల మీద జానెడు వెడల్పు బూడిదరంగు పట్టీ ఒకటి కనపడింది. లింగన్న దాని మీదికి ఉరికాడు. వెంట తెచ్చుకున్న సీసాలో నీళ్ళన్నీ పోశాడు. మోకాళ్ళ మీద కూర్చొని రుద్దాడు. కొట్టాడు. నేలకు చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

మనిషికి ఏదో అయిందని జనం మూగారు. ఒక పెద్దామె తన సీసా కూడా అతని మొగాన కుమ్మరించింది. సరిగ్గా అప్పుడు మాల్ మేనేజరు, టై కట్టుకొని, ఫోను మాట్లాడుతూ వచ్చాడు. ఆ నీళ్ళ మీద కాలు పెట్టాడు. ఫోను మాట్లాడుతూనే చెప్పుల కొట్లోకి పోయాడు. పోయింది మాత్రం కూర్చొని. అతని మీద ఒక అర కూలింది. నలభై జతలు నేలపాలయ్యాయి.

ఈల మోగింది. సెక్యూరిటీ గార్డు పరుగున వచ్చి లింగన్న రెక్క పట్టుకొని కన్నడంలో తిట్టాడు. లింగన్నకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇది కూడా టైలే కదప్పా!" అని ఏడుపు గొంతుతో అన్నాడు.

గార్డు తిట్టడం ఆపాడు. "యాడిదన్నా మీది?"

"బేతంచెర్ల."

"మాది వేంపల్లె. నా పేరు దావీదురాజు. ఏమి పారేసుకున్నావన్నా?"

"పారేసుకోలేదప్పా. ఎతుకుతాండా. నా బండ. ఒక లారీ వచ్చింది ఈడికి."

దావీదురాజు టోపీ తీసి తల గోక్కున్నాడు. "వచ్చిందన్నా. కట్టేటప్పుడు నేనీడ వాచ్‌మన్ను. బేతంచెర్ల నుంచి ఒకే లారీ దిగింది."

లింగన్న అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "యాడ పరిచినారు?"

దావీదురాజు లాఠీతో వరండా చివర చూపించాడు. ఆ చివర ఒక తలుపు. తలుపు మీద గౌను తొడుక్కున్న బొమ్మ.

"ఆడోళ్ళ బాత్‌రూములో."

లింగన్న ఆ బొమ్మను చూశాడు, పక్క తలుపును చూశాడు.

"మగోళ్ళ దాంట్లో?" అన్నాడు లింగన్న ఆశగా.

"దాంట్లో టైల్స్."

సుంకమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

లింగన్న ఆ తలుపు ముందర అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ సాచాడు. బయటికి వస్తున్న ఒకామె సంచీ ఎత్తింది.

"అన్నా, ఇంగోసారి తొంగి చూస్తే మన పక్కోడివని కూడా చూడను," అన్నాడు దావీదురాజు.

సుంకమ్మ బల్ల మీద కూర్చొని తీరిగ్గా ఐస్‌క్రీము తింటోంది.

"పోయి చూసిరావే సుంకా."

"నాకు రావడంల్యా."

"రాకపోయినా పో!"

ఆమె కప్పు అడుగు కూడా గీకి తిని, కెమెరా తీసుకొని లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. లింగన్న వరండాను పదిసార్లు కొలిచాడు. చివరికి సుంకమ్మ మొగం కడుక్కొని, జుట్టు దువ్వుకొని బయటికి వచ్చింది.

"ఉండాదా?"

"ఉండాది."

"మనదేనా? సరిగ్గా చూసినావా? ఎర్ర నరం ఉండల్ల, సన్న గీత మాదిరి."

"నరం ఉండాది. తడిసే ఉండాది కాబట్టి నీళ్ళు పోసే పని తప్పింది. మన బండే. ఫోటోలు కూడా తీసినా."

"గెలిచినా!" లింగన్న గాల్లోకి ఎగిరాడు.

"గెలిచినావు," అంది సుంకమ్మ. "రేపు మహానంది అడుగుతాడు, మాల్‌లో యాడుండాది వదినా అని. నేను అబద్ధం చెప్పను. ఉన్నది ఉన్నట్టు చెప్తా."

లింగన్న నేల మీదికి దిగాడు.

"పోనీ, లేదని చెప్పు."

"చెప్తా. అప్పుడు పందెం నాది. టైల్స్."

"ఉండాదని చెప్పు. యాడుండాదో చెప్పొద్దు."

"చెప్పకుండా గమ్మునుండల్ల అంటే, దానికీ టైల్స్."

లింగన్న దావీదురాజు వైపు చూశాడు. దావీదురాజు గోడ వైపు తిరిగి నవ్వుతున్నాడు.

"ఏ పక్క తిరిగినా టైల్సేన్నా," అన్నాడు. "నేనైతే ఒప్పుకుంటా."

"వంటింటికి మాత్రమే," అన్నాడు లింగన్న.

"ఇల్లంతా."

"దేవుని గది వదిలేయ్."

"దేవుడు కూడా ఇరవై రెండేండ్లుగా సిమెంటు మీదనే ఉండాడు."

"మరి పెరట్లో బండలు?"

"అవీ వాడదాంలే. యాడ వాడల్లో ఈడికొచ్చినాక తెలిసింది."

ఊరికి వచ్చి రీలు కడిగిస్తే రెండు ఫోటోలు తేలాయి. ఒకదాంట్లో బండ, దాని మీద మెట్టెలు పెట్టుకున్న సుంకమ్మ కాలు. అంతే. దాన్ని లింగన్నకిచ్చింది. రెండోదాంట్లో అదే బండ, పక్కనే కొళాయి, దాని కింద ఎర్ర మగ్గు. దాన్ని తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళమేసింది.

లింగన్న మొదటి ఫోటోకు ఫ్రేము కట్టించి టీకొట్లో తగిలించాడు. మహానంది దాన్ని దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు.

"ఆ నరం నీ బండదే. ఒప్పుకుంటి. అయినా అంత మాల్‌లో ఒక్క మనిషీ లేడేందప్పా?"

"పొద్దున్నే పోయింటిమి."

నెలలో ఇల్లంతా తెల్ల టైల్స్ పడ్డాయి. పని అయినరోజు మహానంది చూడ్డానికి వచ్చాడు. గడపలోనే ఆగిపోయాడు.

"బండలోడి ఇంట్లో టైల్సా! బెంగళూరు మాల్‌కు పనికొచ్చిన బండ ఇంటికి పనికి రాలేదా వదినా?"

"ఎందుకు పనికి రాలేదప్పా," అంది సుంకమ్మ. "మాల్‌లో యాడ పరిచినారో, మా ఇంట్లో కూడా సరిగ్గా ఆడనే పరిచినాం. రా, చూపిస్తా."

ఆమె పెరటి వైపు దారి తీసింది. మహానంది వెంట నడిచాడు.

లింగన్న కుర్చీలోంచి దూకాడు. ఇల్లు అప్పుడే తుడిచి ఉంది. మొదటి అడుగుకే కాలు జారి నేల మీద కూలబడ్డాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే హాలు దాటాడు, వంటిల్లు దాటాడు, వాళ్ళిద్దరికంటే ముందు పోయి బాత్‌రూము తలుపుకు తగులుకున్నాడు. బెంగళూరు మేనేజరుకూ అతనికీ తేడా ఒక్క ఫోను.

"ఏమప్పా, ఈడ కూర్చున్నావు?" అన్నాడు మహానంది.

"లోపల... లోపల ఎవరో ఉండారు."

"మనం ముగ్గురం ఈడనే ఉంటే లోపల ఎవరుండారు?" మహానంది కళ్ళు సన్నబడ్డాయి.

లింగన్న పెళ్ళాం కొంగు పట్టుకొని కిందికి లాగాడు. "చెప్పనంటివి కదే!" అని చెవిలో బుసకొట్టాడు.

"చెప్పనంటి. చూపించనని అనలేదే."

"ఇంగేమి కావల్ల నీకు?"

"ఆలోచించి చెప్తా," అంది సుంకమ్మ. కొంగు విడిపించుకొని మహానంది వైపు తిరిగింది. "రా అప్పా, ముందు టీ తాగుదువు గానీ. ఆ తలుపు యాడికీ పోదు."

వాళ్ళు హాల్లోకి పోయారు. లింగన్న తలుపుకు వీపు ఆనించి అక్కడే కూర్చున్నాడు. అలవాటు కొద్దీ తల వంచి కింద చూశాడు. తెల్ల టైల్‌లో అతని మొగం కనపడింది. సుంకమ్మ చెప్పినట్టే, శుభ్రంగా కనపడింది.