అవతలి చెవి అందిందా?

పిల్లల్ని బడిలో చేర్చుకునే ముందు తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెట్టాలని మొదట ఎవరికి తోచిందో గానీ, ఆ మహానుభావుడికి చీమకుర్తి నల్లరాయితో నిలువెత్తు విగ్రహం చెక్కించాలి! నేను వేళాకోళానికి అనడం లేదు. అవసరమైతే ఆ రాయి ఒక పక్క నేనే పట్టుకుంటాను.

ఇదివరకు ఏముండేదో గుర్తు చేసుకోండి. పిల్లవాణ్ణి బడికి తీసుకెళ్తే మాస్టారు ఎదురుగా నిలబెట్టి, "కుడిచెయ్యి తలమీదుగా వేసి ఎడమచెవి పట్టుకోరా" అనేవారు. చెవి అందితే ఒకటో తరగతి. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవారు. అదీ ఒక పరీక్షేనా? తండ్రి ఏం చదివాడని అడిగిన పాపాన పోలేదు. దాంతో పురోహితుడి కొడుకూ, పత్తి ఏరే కూలీ కొడుకూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు. ఎవరు ఎవరో తెలిసి చచ్చేది కాదు!

ఇప్పుడా గందరగోళం లేదు. కావాలంటే మన ఆదెయ్యను చూడండి.

ఆదెయ్యది చీమకుర్తి అవతల పల్లె. కాస్త మిర్చి, కాస్త పత్తి. కూతురు శ్రీరమ్యకు అంగన్‌వాడీ అయిపోయింది. ఊళ్ళో బడి ఉండేది గానీ, పిల్లలు చాలడం లేదని పక్కూరి బడిలో కలిపేసి దానికి తాళం వేశారు. రెండూళ్ళ మధ్యా గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు. పొద్దున్నే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చేలోకి పోవాలి. మరి పిల్లను రోడ్డు దాటించేదెవరు? అదే ఒంగోలు ఇంగ్లీషు మీడియం స్కూలైతే పసుప్పచ్చ వ్యాన్ గుమ్మం ముందుకే వస్తుంది. ఆదెయ్యకు ఇంగ్లీషు మోజు లేదని కాదు, అంతకంటే ముందు వ్యాన్ మోజు.

అయితే వ్యాన్ ఎక్కేది పిల్ల, పరీక్ష రాసేది తండ్రి!

ఈ ఒక్క ఇంటర్వ్యూ దెబ్బతో ఊరు ఎంత బాగుపడిందో చెబితే మీరు నమ్మరు. వయోజన విద్యకు ఎన్ని పథకాలు వచ్చినా పలక పట్టని కోటేష్, ఇప్పుడు పురుగుమందుల కొట్టుకెళ్ళి "ఎక్స్‌క్యూజ్ మీ" అంటున్నాడు. కొట్టాయన కంగారుపడి లేచి నిలబడ్డాడు. యలమంద తన ఒంగోలు ఎద్దులను "టర్న్ లెఫ్ట్" అని అదిలిస్తే అవి సాలు మధ్యలో ఆగిపోయి వెనక్కి తిరిగి చూశాయి. జాతి ఎంత గొప్పదైతేనేం, ఇంటర్వ్యూ పెడితే అవీ ఫెయిలే!

పైగా ఈ పరీక్షకు కోచింగ్ కూడా ఉంది. చెప్పేది జయదేవ్, పురోహితుడు జానకిరామయ్యగారి అబ్బాయి. ఆ ఒంగోలు స్కూల్లోనే ఒకటి నుంచి పది దాకా చదివి, ఆపైన ఇంజినీరింగ్ పూర్తిచేసి, ప్రస్తుతం మిర్చి చేల మీద డ్రోన్‌తో మందు కొడుతున్నాడు. చూశారా, ఆ స్కూలు చదువు మనిషిని ఎంత ఎత్తుకు తీసుకెళ్తుందో!

"బాబాయ్, మొదట నీ పనేంటని అడుగుతారు. చిల్లీ అండ్ కాటన్ మేడమ్ అనాలి. తర్వాత సేద్యం ఎలా చేస్తావంటారు. వీక్లీ వన్స్ స్ప్రేయింగ్ మేడమ్. మూడోది, పాపను ఎలా పెంచుతావని. విత్ లవ్ అండ్ పేషెన్స్ మేడమ్. వరస తప్పకూడదు."

"మరి వరస వాళ్ళు తప్పితేనో, జయదేవ్ బాబూ?"

"వాళ్ళెందుకు తప్పుతారు బాబాయ్, అది పెద్ద స్కూలు."

ఆదెయ్య కల్లంలో కాయలు ఎండబోస్తూ చదివాడు. అన్నం తింటూ చదివాడు. నిద్రలో "పేషెన్స్ మేడమ్" అని పలవరిస్తే, ఆ మేడమ్ ఎవరో తేలేదాకా పెళ్ళాం సుబ్బరావమ్మ మళ్ళీ పడుకోలేదు.

ఆ రోజు రానే వచ్చింది. ఏసీ గదిలో తల్లినీ తండ్రినీ పిల్లనూ కూర్చోబెట్టి ప్రిన్సిపాల్ రాగసుధగారు చిరునవ్వుతో ఇంగ్లీషులో అడిగారు, పాపకు ఇష్టమైన తిండి ఏమిటని.

"చిల్లీ అండ్ కాటన్ మేడమ్!"

ఆవిడ చిరునవ్వు కాస్త పక్కకు జరిగింది. పాప మారాం చేస్తే ఏం చేస్తారన్నారు.

"వీక్లీ వన్స్ స్ప్రేయింగ్ మేడమ్!"

ఆవిడ నవ్వు ఆపుకోలేక, మరి చేలో పురుగు పడితేనో అన్నారు.

"విత్ లవ్ అండ్ పేషెన్స్ మేడమ్!"

మూడుకి మూడూ చెప్పేశానని ఆదెయ్య మురిసిపోయాడు. అప్పుడు వచ్చింది నాలుగో ప్రశ్న. జయదేవ్ నోట్సులో లేని ప్రశ్న. అసలు మీ పాపకు మేం సీటెందుకివ్వాలి?

అందులో ఆదెయ్యకు తెలిసింది "సీటు" అన్న మాట ఒక్కటే. "ఏమయ్యా, ఏదోటి చెప్పు" అని సుబ్బరావమ్మ మోచేత్తో పొడిచింది. ఏం చెబుతాడు? జన్మలో అతను బడిలో సీటు సంపాదించింది ఒక్కసారే. ఎలా సంపాదించాడో అదొక్కటే గుర్తుంది. లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి తలమీదుగా వేసి ఎడమచెవి గట్టిగా పట్టుకున్నాడు.

నాన్నను చూసి శ్రీరమ్య కూడా చెయ్యెత్తి చెవి పట్టుకుంది.

"అందింది మేడమ్, నాకూ మా అమ్మాయికీ ఇద్దరికీ అందింది" అన్నాడు ఆదెయ్య తెలుగులో.

రెండు రోజులకు స్కూలు నుంచి ఫోనొచ్చింది. "పాప చాలా షార్ప్ అండీ. కానీ పేరెంట్స్ ప్రొఫైల్ మా స్కూలుకు సూట్ అవదు." ఎంత మర్యాద చూడండి! పిల్లను పల్లెత్తు మాట అనలేదు. పిల్ల పాసయింది, తండ్రి తప్పాడు. పదో తరగతి తప్పితే సప్లిమెంటరీ ఉంది. తండ్రిగా తప్పినవాడికి అదీ లేదు.

ఇప్పుడు పొద్దున్నే పసుప్పచ్చ వ్యాన్ ఆ వీధిలోనే హారన్ కొట్టుకుంటూ పోతోంది. శ్రీరమ్య జడలు వేయించుకుని గుమ్మంలో నిలబడి, చెయ్యి తలమీదుగా వేసి చూపిస్తుంది.

"నాన్నా, ఇయ్యాల కూడా అందింది! ఎక్కడ చేర్పిస్తావ్?"

"అందిందిలేమ్మా, పద" అని ఆదెయ్య పిల్లను వెంటబెట్టుకుని చేలోకి పోతాడు.

సరే, విగ్రహం మాట మరిచిపోలేదు. స్థలం కూడా చూసుకొచ్చాను. ఆదెయ్య ఊళ్ళో తాళం వేసిన ఆ బడి ఆవరణే. బ్రహ్మాండమైన చోటు! గంట మోగదు, పిల్లల అల్లరి లేదు, విగ్రహం ప్రశాంతంగా నిలబడొచ్చు.

శిల్పికి మాత్రం ఒక్క మనవి. ఆ మహానుభావుడి కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమచెవికి అందించి చెక్కమనండి. ఆయనా ఒకప్పుడు అలాగే నిలబడి అలాంటి బడిలోనే చేరి ఉంటాడు. వాళ్ళ నాన్నను అప్పుడు ఎవరూ ఏమీ అడిగి ఉండరు.