ఏడో మెట్టు మీద చచ్చినోడు

గురువారం పొద్దున రిల్మా, లింబర్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊదారంగు మొక్కజొన్న జావ వేడివేడిగా తాగాలి. పదింటికి బజారుకెళ్ళి దుకాణంలో ఉన్న ఎర్ర బేస్ గిటార్ వాయించి చూడాలి. పన్నెండింటికల్లా తిరిగొచ్చి, ఆ కొత్త ఎర్రదా, ఇంట్లో మంచం మీదున్న పాత గోధుమరంగుదా, ఏదో ఒకటి తేల్చేయాలి. పెళ్ళై నలభై రోజులే అయింది కనక ఈ పనుల మధ్య ముద్దులకి కూడా కాస్త వ్యవధి ఉంచుకున్నారు.

తేల్చక తప్పదు. రిల్మా ఎల్ ఆల్తో నగరంలో, కుంబియా అనే ఆటపాటల సంగీతం వాయించే ఒక బృందంలో బేస్ వాయిస్తుంది. పదహారేళ్ళప్పుడు కొనుక్కున్న ఆమె మొదటి బేస్‌కి తీగలు బిగించే మరలు అరిగిపోయాయి. పోయిన ఆదివారం ఓ పెళ్ళిలో, వధూవరులు ఆడుతుండగానే దాని శ్రుతి మెట్లమీంచి దొర్లినట్టు కిందికి జారిపోయింది. బృందం పెద్ద దోన్ తిబుర్సియో అందరి ముందూ అన్నాడు: "వచ్చే శనివారం సరైన వాయిద్యంతో రా. లేదా రాకు. ఆ చెక్కని పొయ్యిలో పెట్టుకో." ఆ బృందం పోతే రిల్మాకి మిగిలేది బడి ఆఫీసులో హాజరు పట్టీలు. ఎనిమిది బృందాల గుమ్మాలెక్కి దిగాక దొరికిన చోటు అది.

వాళ్ళ దగ్గరున్న డబ్బుకి మరీ గొప్పది రాదు. మరీ నాసిరకంతో ఇంకో పదేళ్ళు పడే ఓపిక లేదు. మధ్యరకంలో తేలినవి ఈ రెండే. గోధుమరంగుదాన్ని మరమ్మతులు చేసే దోన్ అన్సెల్మో పన్నెండింటిదాకా వాడి చూడమని ఇచ్చాడు. లింబర్ట్ దాన్ని తెల్లారగట్ల మంచులో, నల్లటి పొడుగాటి పెట్టెలో, పురిటి బిడ్డని తెచ్చినంత జాగ్రత్తగా మేడ మీదికి తెచ్చాడు.

జావ తాగి రిల్మా వరండాలోకొచ్చి అన్సెల్మోకి ఫోన్ చేసింది. ఆ ఫోన్‌లో స్పీకర్ పెడితే తప్ప మాట వినబడదు.

"ఎలా ఉందమ్మాయ్?"

"ఒళ్ళు బ్రహ్మాండంగా ఉందండీ. కానీ ఏడో మెట్టు దగ్గర ఒక చచ్చినోడున్నాడు."

"ఉన్నాడు, దాచను. చెయ్యి వంకరపోతే ఆత్మని బిగించాను. చెయ్యి నిలబడింది గానీ చచ్చినోడు లేవలేదు. వాణ్ణి లేపడం ఎవరి తరమూ కాదు."

"మరి ఇంట్లో పెట్టుకుని ఎలా వేగమంటారు?"

"వద్దనుకుంటే చెప్పు, పన్నెండింటికి నేనే వచ్చి పట్టుకుపోతా."

ఇందులో వింతేమీ లేదు. అక్కడి పనివాళ్ళ నోట గిటార్‌కి ఒళ్ళుంటుంది, చెయ్యి ఉంటుంది, చెయ్యి మీద వేలు ఆనించడానికి వరసగా మెట్లుంటాయి. చెయ్యి వంగకుండా లోపల నిలబెట్టే ఇనుప కడ్డీ పేరు ఆత్మ. మీటగానే టుప్పున ఆరిపోయే స్వరం చచ్చినోడు. వింతల్లా కింద పెరట్లో దుప్పట్లు ఉతుకుతున్న ఇల్లుగలావిడ దోన్యా సెవెరీనా చేతులు నీళ్ళలోనే ఆగిపోవడం.

ఇంకో ఊరివాళ్ళయితే కేక పెట్టి పారిపోదురు. అక్కడ చాలా ఇళ్ళలో పేరూ ఊరూ తెలియని పుర్రెల్ని, చప్పిముక్కులని ముద్దుగా పిలుచుకుంటూ, ఉన్ని టోపీలు పెట్టి, సిగరెట్లు ముట్టించి, ఇంటి పెద్దల్లా చూసుకుంటారు. సెవెరీనాకి అలాంటిది ఒకటైనా లేదన్న బెంగ ముప్పై ఏళ్ళుగా ఉంది. ఆవిడ చేతులు తుడుచుకుని, టోపీ తీసి పట్టుకుని పైకొచ్చింది.

"వచ్చినాయన పేరేంటమ్మా?" అంది, మంచం మీది పెట్టెకేసి చూస్తూ.

ఇల్లుగలావిడకి సంగీతం మీద ఇంత ఇష్టమా అని మురిసిపోయి, రిల్మా ఆ బేస్ రకం పేరు చెప్పింది. "జాజ్ అంటారండీ."

"దొర అన్నమాట. పుట్టిందెక్కడ?"

"జపాన్‌లో. తొంభై రెండులో."

"అయ్యో, చిన్నవాడే! ఇంతకాలం ఎక్కడున్నాడు?"

"ముగ్గురి చేతులు మారాడు. చివరాయన పెళ్ళి ఖర్చులకి అమ్మేశాడట."

సెవెరీనా గుండెల మీద శిలువ గీసుకుంది. "మీరు ఉంచుకుంటున్నారుగా?"

"నాకూ మనసుంది. కానీ ఆ చచ్చినోడు వేధిస్తున్నాడండీ. మధ్యాహ్నం పంపించేస్తామేమో."

సెవెరీనా వెనక్కి వెనక్కి నడుస్తూ, పెట్టెకి వీపు చూపకుండా గది దాటింది.

దుకాణంలో ఎర్ర బేస్‌కి ప్రతి స్వరమూ బతికే ఉంది. "బాగుంది," అంది రిల్మా, చుట్టాలింట్లో ఉప్పులేని సూపు తాగినట్టు మొహం పెట్టి. కానీ శనివారం వాయించాల్సిన పాటల్లో సగం ఆ ఏడో మెట్టు మీదే ఆగుతాయి. ఎర్రదే తీసుకోక తప్పదనుకుని, గోధుమరంగుదాన్ని అప్పగించడానికి ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

అప్పటికి మంచు వీధంతా కమ్మేసింది. గేటు దగ్గర మొదట టోపీలు కనిపించాయి, తర్వాత వాటి కింద మనుషులు. గేటు నుంచి మెట్ల మీదుగా వాళ్ళ గది దాకా ముప్పైమంది బారు తీరి ఉన్నారు. ఒక్క గొంతూ లేదు. అందరి చేతుల్లోనూ పూలు. వీధి కుక్క కూడా వరసలోనే కూర్చుంది.

"ఎవరు పోయారు?" అన్నాడు లింబర్ట్.

"మీ ఇంట్లో ఆయన," అంది రొట్టెలమ్మే నియెవెస్. "ఎంత చల్లని చెయ్యో! గ్యాస్ దొరకట్లేదయ్యా అని మొక్కాను. లోపల్నుంచి హుమ్మన్నాడు. మరుక్షణం వీధిలోకి గ్యాస్ బండి!"

రిల్మాకి అప్పుడు అంతా అర్థమైంది. "ఆ బండి అదురుకే తీగలు మోగాయమ్మా!"

"నేనూ అదేగా అంటున్నా. బండి మలుపు తిరక్కముందే ఆయనకి తెలిసిపోయింది."

ఇద్దరూ లోపలికి రాగానే సెవెరీనా గేటుకి తాళం వేసి తాళంచెవి రవికలో దోపుకుంది. "ఇంటికొచ్చినాయన్ని గెంటేస్తారా? నా గడప దాటనివ్వను. మొక్కేవాళ్ళకి తప్ప ఈ తాళం తీయను." వాళ్ళు లేనప్పుడు ఆవిడ దగ్గరున్న రెండో తాళంచెవితోనే గది తెరుచుకుంది. పెట్టె మూత తీసే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. దాని మీద పూలరేకులు, కోకా ఆకులు, రెండు కాలుతున్న సిగరెట్లు, పక్కన ఒక కొవ్వొత్తి. కిటికీకి మంచు అంటుకుని గదంతా పాలరంగు చీకటి.

గదిలోకి చేరి లింబర్ట్ "ఎలాగోలా పెట్టె దించేద్దాం," అంటుండగా మెట్ల మీద ఓ గొంతు వినిపించింది. దోన్ తిబుర్సియో! కొత్తగా అద్దెకి దిగిన ఈ గది రిల్మాదని ఆయనకి తెలియదు. ఈ భాగోతం తనింట్లోదని తెలిస్తే ఉన్న పనీ పోతుందని రిల్మా మొగుణ్ణి లాక్కుని వంటమూల తెర వెనక్కి దూరింది. అక్కడే గోడకి ఆనించి ఆమె మొదటి బేస్ ఉంది.

తిబుర్సియో లోపలికొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"దొరగారూ, నేను పాటలవాణ్ణి. మా బేస్ పిల్లని నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టాను. ఇవాళ దుకాణంలో ఖరీదైనవి చూస్తోందట. అంటే ఇంకో బృందంవాళ్ళు ఎత్తుకుపోతున్నారన్నమాటేగా! ఆ పిల్ల లేకపోతే నా పాటకి నడుముండదు. ఈ మాట ఎవరికీ చెప్పకండి. వెళ్ళకుండా ఆపండి. ఏం, ఇచ్చేది పెంచమంటారా?"

రిల్మా వేళ్ళు ఊరుకోలేదు. పక్కనున్న తన మొదటి బేస్ తీగని ఒక్కసారి మీటింది. పాడుముండది, అప్పుడూ శ్రుతి జారిపోయింది.

తిబుర్సియో తల ఎత్తాడు. "ఈ చప్పుడు నాకు తెలుసు."

ఆయన లేచాడు. అడుగులు దగ్గరికొచ్చాయి. వేళ్ళు తెర అంచుని పట్టుకున్నాయి. ఇక పని పోయినట్టేనని రిల్మా కళ్ళు మూసుకుంది.

అప్పుడు మూసి ఉన్న పెట్టెలోంచి ఒక స్వరం వచ్చింది.

వీధిలో బండి లేదు. కొవ్వొత్తి జ్వాల కదల్లేదు. వేలు ఆనిస్తే తప్ప పలకని స్వరం అది. పొద్దుటినుంచీ ఆమె చేతికింద టుప్పు టుప్పున చచ్చిన ఏడో మెట్టు స్వరం. ఇప్పుడది చావలేదు. నిండుగా, నెమ్మదిగా, నేల మీంచి పాదాల్లోకి ఎక్కుతూ, మెట్ల మీదివాళ్ళ గుసగుసలన్నీ ఆగేదాకా సాగింది.

చెయ్యి తెర వదిలేసింది. "పెంచుతాను," అన్నాడు తిబుర్సియో చిన్నపిల్లాడి గొంతుతో. స్వరం ఆగలేదు. "క్షమాపణ కూడా చెప్తాను. అందరి ముందూ."

ఎవరో అరచేత్తో అదిమినట్టు స్వరం ఆగింది.

ఆయన అడుగుల చప్పుడు గేటు దాటాక రిల్మా నెమ్మదిగా అడిగింది, "నువ్వేనా?"

లింబర్ట్ చేతుల్లో ఒకటి అప్పటిదాకా ఆమె నోటి మీదే ఉంది, రెండోది ఇంకా ఆమె మొదటి బేస్ తీగల్ని అదిమి పట్టుకుని ఉంది.

ఇద్దరూ పూలరేకులు తీసి, మూత ఎత్తి చూశారు. గోధుమరంగు బేస్ పొద్దున పెట్టినట్టే పడుకుని ఉంది. రిల్మా ఏడో మెట్టు మీద వేలు ఆనించి మీటింది. టుప్.

పన్నెండింటికి అన్సెల్మో ఫోన్ చేశాడు. "ఏం తేల్చావమ్మా?"

"ఇదే తీసుకుంటున్నానండీ."

"మరి చచ్చినోడు?"

"ఉండనివ్వండి. పనిమంతుడు."

శనివారం పెళ్ళిలో తిబుర్సియో మైకు పట్టుకుని ఆమెకి క్షమాపణ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమెకేసి కాకుండా ఆమె బేస్‌కేసి చూశాడు. లింబర్ట్ ఇప్పటికీ ఆ పెట్టె తెరిచే ముందు మూత మీద రెండుసార్లు తడతాడు. ఇంతవరకూ లోపల్నుంచి ఎవరూ తర్వాత రమ్మనలేదు.