చిప్పు కాళ్ల లెక్కింపుపై తీర్మానం

మూడంటే మూడు టిక్కులు. ఎంత మొండి చిప్పునైనా చెవి పట్టుకుని పని చేయించే సాధనం ఈ భూమండలం మీద తొలిసారిగా తయారైందని అందరికీ తెలియజేయడమైనది. తయారుచేసినవాడు రేడియోలు, మిక్సీలు బాగుచేసే మెకానిక్కు. నిద్రలో కూడా చేతిలో సోల్డరింగ్ కడ్డీ వదలడు కనక లోకం అతన్ని టంకం అంటుంది.

వాషింగ్ మెషీన్లలో, లిఫ్టుల్లో, గేటు మోటార్లలో కూర్చుని పెత్తనం చేసే బుల్లి చిప్పులుంటాయి. వాటికి ఏ కాలికి ఏ తీగో, ఏ తీగకు ఏ పనో ప్రోగ్రాం రాసి చెప్పాలి. టంకం సాధనంలో ఆ రాత బాధ లేదు. తెర మీద చిప్పు బొమ్మ వస్తుంది. కాలి పక్కన టిక్కు పెడితే ప్రోగ్రాం దానంతటదే తయారవుతుంది. పుణ్యాత్ముడు దాన్ని తన దగ్గరే అట్టేపెట్టుకోకుండా ఇంటర్నెట్లో పెట్టి, "ఇది నాది కాదు, మనది" అని ప్రకటించాడు. లోకం ఆ మాటను వెంటనే నమ్మేసింది.

మూడు నెలల్లో నాలుగు వందల పన్నెండు మందితో సంఘం ఏర్పడింది. గుర్తు కోసం ఒక ఉపసంఘం, గుర్తు రంగు కోసం ఇంకొకటి, ఆ రెండూ కొట్టుకోకుండా చూడ్డానికి మూడోది వెలిశాయి. కొత్త చిప్పు చేర్చాలంటే అయిదుగురు ఆమోదించాలన్న నియమం రాసింది టంకమే. ప్రజాస్వామ్యంతో అతనికి అప్పటికింకా పరిచయం లేదు. ప్రతి సభ్యుడూ తన ముచ్చట కొద్దీ ఒక టిక్కు కలిపాడు. మూడు టిక్కులన్నాను కదూ? అది మొదటి వారం మాట. ఇప్పుడు నాలుగు వందల పైచిలుకు. ఏ టిక్కు ఎక్కడుందో వెతకడానికి మరో సాధనం తయారవుతోంది. దానికీ సభ్యులను ఆహ్వానిస్తున్నారు.

ఇలా అంతా సవ్యంగా ఉండగా, టంకం అక్క ఇంట్లో గుడ్లు పొదిగే పెట్టెలో, వేడికి బల్బు వెలిగించి గుడ్ల ట్రే తిప్పే చిప్పు కాలిపోయింది. లోపల తొంభై ఆరు గుడ్లు. పెట్టి మూడు రోజులు. వేడి పట్టు తప్పితే ఒక్కటీ దక్కదు. చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ కోడిపిల్లలిస్తానని అక్క అప్పటికే మాటిచ్చేసింది. దొరికిన కొత్త చిప్పేమో వేరే కంపెనీది; సాధనంలో దాని బొమ్మ లేదు.

"ఒరేయ్, చేత్తో రాసెయ్యరాదూ? పోయినసారి టీ చల్లారేలోపు రాసిచ్చావుగా!" అంది అక్క.

"చేత్తో రాస్తే ఇంక ఇంతమంది ఎందుకక్కా? సంఘంలో పెట్టాను. వాళ్లు చూసుకుంటారు."

"వాళ్లు చూసుకునేదాకా గుడ్ల మీద నువ్వు కూర్చుంటావా?"

అక్క పెట్టె పక్కనే పీట వేసుకుంది. థర్మామీటరు చూస్తూ, బల్బు వెలిగిస్తూ, ఆర్పుతూ, పూటపూటకీ గుడ్లు చేత్తో తిప్పుతూ కూర్చుంది. ఆవిడ కునుకు తీస్తే పీట మీదికి బావ ఎక్కేవాడు.

సంఘం మాత్రం ఊరుకుందా? వాదించింది. చిప్పు కాళ్లను సున్నా నుంచి లెక్కపెట్టాలా, ఒకటి నుంచా? సున్నా వర్గం ఒకటి వర్గాన్ని నిరక్షరాస్యులంది. "మీ ఇంట్లో పిల్లల్ని కూడా సున్నా నుంచే లెక్కపెడతారా?" అని ఒకటి వర్గం ఎదురడిగింది. పన్నెండు రోజులయ్యాక అధ్యక్షులవారు, జన్మలో ఒక్క చిప్పునీ ముట్టి ఎరగని మహానుభావుడు, ప్రసంగించారు: "మిత్రులారా! ఐక్యతే మన ఊపిరి. ఎడమవైపు కాళ్లను సున్నా నుంచి, కుడివైపు కాళ్లను ఒకటి నుంచి లెక్కించుదాం!" చప్పట్ల బొమ్మలు మూడు వందలు కురిశాయి.

గుడ్లు పెట్టిన పదహారో రోజున అయిదో ఆమోదం అందింది. టంకం గర్వంగా టిక్కులు పెట్టి, చిప్పును పెట్టెలో బిగించాడు. కొత్త లెక్కలో ఎడమవైపువన్నీ ఒక కాలు పక్కకు జరిగిన సంగతి అతనికీ తట్టలేదు. వేడి తగ్గగానే బల్బు వెలగాల్సింది పోయి, గుడ్ల ట్రే తిరిగింది. తిరిగినా వేడెక్కలేదు కనక ఇంకా తిరిగింది. తొంభై ఆరు గుడ్లూ రంగులరాట్నం ఎక్కాయి. అక్క వచ్చి, ప్లగ్గు పీకి, మళ్లీ పీట మీద కూర్చుంది. టంకం తల వంచుకుని ఆ పూటే చేత్తో ప్రోగ్రాం రాశాడు. టీ చల్లారలేదు.

ఇరవై ఒకటో రోజున ఎనభై మూడు పిల్లలు పెంకులు పగలగొట్టుకుని బయటికొచ్చాయి. టంకం ఫొటో తీసి సంఘానికి పంపాడు. చేత్తో రాసిన సంగతి మాత్రం నొక్కేశాడు. "మన సాధనం, మన విజయం!" అన్నారు అధ్యక్షులవారు. సహకరించినవారి జాబితాలో నాలుగు వందల పన్నెండు పేర్లూ ఎక్కాయి; ఓటు వెయ్యడం మరిచినవారివి నైతిక మద్దతు కింద. అక్క పేరు లేదు. ఆవిడ సభ్యురాలు కాదాయె, నియమం నియమమే. ఒక్క సభ్యుడు మాత్రం ఫోన్ చేసి, "ఇన్నాళ్లు పీట మీదే ఉన్నారటగా అక్కా, నడుమెలా ఉంది?" అని అడిగాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. సంఘం అలాగే ఉంది, గుడ్లు అలాగే తిరిగాయి, తీర్మానంలో ఒక్క అక్షరం నేను మార్చలేదు. ఆ ఫోన్ మాత్రం నా సొంత పైత్యం. అంతమందిలో ఒక్కడైనా అడిగి ఉంటాడంటే మీరు నమ్ముతారో లేదో చూద్దామని పెట్టాను. నమ్మారా, సంతోషం. నమ్మలేదంటే, మీరూ ఎక్కడో సభ్యులే.